కర్మాగార నిర్మాత ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్

ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ గారి పేరు వినని విద్యావంతుడు మన దేశమున అరుదు. హిందూ రసాయన శాస్త్ర చరిత్రను వ్రాసిన పండితులుగా, మెర్క్యురస్ నైట్రైటు అను లవణమును కనుగొన్న శాస్త్రజ్ఞులుగా, ముతక ఖద్దరు ధరించిన నిరాడంబరులుగా వారిని చాలమంది యెఱుగుదురు. కాని కలకత్తా శివార్లలో సీసపు గదులు నిలిపి, గంధకికామ్లమును పెద్దయెత్తున తయారుచేయించిన కర్మాగార నిర్మాతగా వారిని తలచువారు తక్కువ. నేడు ఇంధన పరిశ్రమలలోను రసాయన పరిశ్రమలలోను వేలకొలది ఇంజనీర్లు పనిచేయుచున్నారు. కెమికల్ ఇంజనీరు అను ఉద్యోగమే ఈ దేశమున లేని కాలమందు ఒక కళాశాల ఉపాధ్యాయుడు ఆ బరువును తలకెత్తుకొనిన విధము తెలిసికొనదగినది.

రాయ్ గారు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన, అప్పటి జెస్సోరు జిల్లాలోని రారూలి గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు బంగ్లాదేశమున కలదు. విశ్వకవి రవీంద్రుడు జన్మించినదియు ఆ సంవత్సరమే. తండ్రి హరీశ్చంద్ర రాయ్ గారు భూస్వామి, విద్యాప్రియులు. ఇంటిలో మంచి గ్రంథాలయము నుంచుకొనిరి. బిడ్డల చదువుకొఱకు 1870లో కుటుంబము కలకత్తాకు తరలివచ్చెను. ప్రఫుల్లచంద్రుడు హేర్ పాఠశాలలో చేరెను. కాని 1874లో తీవ్రమైన రక్తగ్రహణి పట్టుకొని చదువు మాన్పించెను. దాని ఫలితమైన అజీర్ణబాధ జీవితాంతము వారిని విడువలేదు. మితాహారము, వేళతప్పని నడక, వేళతప్పని నిద్ర అను నియమములు వారికి అప్పుడే అలవడినవి. బడికి పోలేని ఆ కాలమున తండ్రిగారి పుస్తకములన్నియు చదివివైచిరి. వ్యాధి యొక విధముగా వారికి విద్యాలయమైనది.

పిదప ఆల్బర్టు పాఠశాలలోను, ఈశ్వరచంద్ర విద్యాసాగరుల మెట్రోపాలిటన్ సంస్థలోను చదివిరి. రసాయన శాస్త్రమును మాత్రము ప్రెసిడెన్సీ కళాశాలకు పోయి పెడ్లరు దొరగారి ఉపన్యాసములలో వినుచుండిరి. ప్రయోగములు చేసి చూపుటలో పెడ్లరు సిద్ధహస్తులు. సాహిత్యము మీది మోజు గల కుఱ్ఱవానిని రసాయనమువైపు త్రిప్పినది ఆ ప్రయోగములే. 1882లో గిల్‌క్రిస్టు విద్యార్థి వేతనమును గెలుచుకొని ఎడింబరోకు పయనమైరి. అచ్చట క్రమ్ బ్రౌన్ అను ఆచార్యుని శిష్యులై, 1887లో డి.ఎస్సీ. పట్టమును పొందిరి. 1888లో స్వదేశమునకు మరలివచ్చిరి.

ఆరేండ్లు విదేశమున చదివి డాక్టరు పట్టముతో వచ్చినవారికి ఒక సంవత్సరము పాటు ఉద్యోగము దొరకలేదు. ప్రభుత్వ విద్యాశాఖలో పై మెట్టు తెల్లవారిది, క్రింది మెట్టు నల్లవారిది. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతముపై తాత్కాలిక సహాయోపాధ్యాయ పదవి లభించెను. అర్హతలో ఏమాత్రము తీసిపోని వారు రాష్ట్ర సర్వీసులోనే చిరకాలము ఉండిపోయిరి. ఉద్యోగుల శ్రేణులలోని హెచ్చుతగ్గులు మనసును ఎట్లు కోయునో సర్కారు కొలువు చేసినవారికి వేరుగా చెప్పనక్కఱలేదు. రాయ్ గారు ఆ అవమానమును మఱవలేదు. కాని దానిని తలచుకొని కుములుచు కూర్చుండనూలేదు.

వారికి మఱియొక చింత పట్టుకొనెను. తమవద్ద చదివి బి.ఏ., ఎం.ఏ. పట్టములు పొందిన వంగ యువకులు గుమాస్తా కొలువులకై కచ్చేరీల చుట్టు తిరుగుచుండిరి. మందుల దుకాణములలోని సీసాలన్నియు విదేశములనుండి దిగుచుండెను. ఈ దేశపు అడ్డసరము, వాము, నేలవేము, కొడిసెపాల వైద్యులకు పనికిరాని వస్తువులై పడియుండెను. చదువునకును పనికిని మధ్యనున్న ఈ అగాధమును పూడ్చవలెనన్నచో పాఠములు చాలవు, ఒక పరిశ్రమను పెట్టి చూపవలెనని వారు నిశ్చయించిరి.

1892వ సంవత్సరమున 91 నెంబరు అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని అద్దె యింటిలో బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మస్యూటికల్ వర్క్స్ ఆరంభమైనది. మూలధనము 700 రూపాయలు. అనగా ఉపాధ్యాయుని మూడు నెలల జీతము కూడ కాదు. పగలు కళాశాలలో పాఠములు చెప్పి, పరిశోధన ముగించుకొని, సాయంకాలము ఇల్లు చేరి ఔషధముల తయారీకి పూనుకొనుచుండిరి. యజమానియు తామే, కూలియు తామే.

ఆరంభపు రోజులలోని ఎముకల కథ చెప్పక తప్పదు. మందులకు కావలసిన ఫాస్ఫేట్ ఆఫ్ సోడాకు పశువుల ఎముకలు ముడిసరకు. రాయ్ గారు కసాయి దుకాణములనుండి బస్తాలకొలది ఎముకలు తెప్పించి మేడమీద ఆరబెట్టించిరి. అకాలవర్షము కురిసినది. ఎముకలకంటియున్న మాంసము కుళ్ళి, వీధియంతయు దుర్గంధము వ్యాపించెను. కాకులు గుంపులుగా వ్రాలి, ఎముకలను ముక్కున కఱచుకొనిపోయి ఇరుగుపొరుగు ఇండ్లలో జాఱవిడువజొచ్చినవి. ఆ ఇండ్లవారు ఆచారవంతులు. వారికి ఎంత ఆగ్రహము కలిగియుండునో ఊహింపవచ్చును. ఆరోగ్యశాఖ అధికారులకు ఫిర్యాదు చేయుదుమని పట్టుబట్టిరి. తుదకు ఆ ఎముకలను ఊరివెలుపల మాణిక్‌తలాలోని ఇటుకల బట్టీ స్థలమునకు తరలించి రాత్రివేళ కాల్పింపగా, పహరా తిరుగు పోలీసులు మంటను చూచి, ఎవరినో హత్యచేసి శవమును మాయము చేయుచున్నారని అనుమానపడి బూడిదను కలియబెట్టి చూచిరట. ఆ బూడిదను గంధకికామ్లముతోను, పిదప సోడాతోను కలిపి స్ఫటికములు కట్టించి, స్వచ్ఛమైన లవణమును దింపినప్పుడు గాని రాయ్ గారికి ధైర్యము చిక్కలేదు. అన్నభేది మొదలగు ఇతర వస్తువుల తయారీయు ఇట్లే ఒకటొకటిగా ఆరంభమైనది.

సరకు తయారైనంతమాత్రమున చాలదు, కొనువారు కావలెను. స్వదేశపు మందనగా దుకాణదారులు పెదవి విఱిచిరి. ఆ పనిని మిత్రులైన డాక్టరు అమూల్యచరణ బోసు గారు తమ భుజములపై వేసికొనిరి. తోటి వైద్యులను ఒప్పించి, వాము నీరు, అడ్డసరపు పాకము వంటి దేశీయౌషధములను చీటీలలో వ్రాయించినది వారే. వారి బావమఱది సతీశచంద్ర సింహ రసాయన శాస్త్రమున పట్టభద్రుడు. ఉద్యోగము కోరక కర్మశాలలో చేరెను. ఆ యువకుడు ప్రూసిక్ ఆమ్లపు విషమునకు ప్రమాదవశమున బలియైపోయెను. 1898లో కలకత్తాకు ప్లేగు వచ్చినప్పుడు అమూల్యచరణులును దానికే ఆహుతియైరి. చేతులు రెండును విఱిగినట్లైన ఆ స్థితిలో, 700 రూపాయల ముచ్చటను కట్టిపెట్టి కళాశాల పని చూచుకొనియున్నచో రాయ్ గారిని తప్పుపట్టువారెవ్వరును లేరు. వారు కట్టిపెట్టలేదు. 1901 ఏప్రిల్ 12వ తేదీన రెండు లక్షల రూపాయల మూలధనముతో ఆ సంస్థను లిమిటెడ్ కంపెనీగా మార్చిరి.

అసలు కష్టము ఇచ్చటనే మొదలైనది. మందులకు, ఎరువులకు, లోహపరిశ్రమకు, బ్యాటరీలకు గంధకికామ్లము మూలవస్తువు. ఒక దేశపు పరిశ్రమల బలము అది వాడు గంధకికామ్లమును బట్టి తెలియునని ఆ కాలపు రసాయనజ్ఞులు లెక్కకట్టుచుండిరి. దానిని ఓడలలో తెచ్చుట అపాయకరము, కూలియు హెచ్చు. కనుక ఇచ్చటనే చేసినచో విదేశపు సరకుతో పోటీపడవచ్చును. కోన్నగరములో డేవిడ్ వాల్డీ అను దొర స్థాపించిన కర్మాగారము అప్పటికే కలదు. దేశీయులు నడుపు చిన్న చిన్న ఆమ్లపు బట్టీలు కొన్ని ఉండెను గాని, వానిలో గంధకమును సురేకారమును వృథాగా పోవుచుండెను. రాయ్ గారు ఆ బట్టీలను స్వయముగా చూచి, వానివలన లాభము లేదని గ్రహించిరి.

గాజుకుప్పెలో చేసిన ప్రయోగమును పెద్ద తొట్టిలో చేయుట కేవలము కొలతలు పెంచుట కాదు. కుప్పెలో పుట్టిన వేడి తనంతట తాను గాలిలో కలిసిపోవును. పాత్ర పెరిగినకొలది లోపలి సరకు పెరిగినంతగా దాని ఉపరితలము పెరుగదు. వేడి లోపలనే నిలిచి ప్రమాదము తెచ్చును. గాజు పగులును, ఇనుమును ఆమ్లము తినివైచును. గొట్టము ఎచ్చట వంపవలెను, వాయువు ఎంత వేగమున పోవలెను, ఆవిరి ఎంత కావలెను అను ప్రశ్నలకు రసాయన గ్రంథములలో సమాధానము దొరకదు. శివపురములోని ఇంజనీరింగు కళాశాల వంతెనలకు, రోడ్లకు, యంత్రములకు సంబంధించిన విద్య నేర్పుచుండెనే గాని ఈ విద్య నేర్పునది కాదు. రాయ్ గారికిని ఇది పరిచితమైన విద్య కాదు. వారు చేసిన తెలివైన పని యేమనగా, తమకు రాని పనిని వచ్చినవారి చేతిలో పెట్టుట.

అట్టివారిలో ముఖ్యులు చంద్రభూషణ భాదురి గారు. ప్రెసిడెన్సీ కళాశాల రసాయనశాలలో డెమాన్‌స్ట్రేటరుగా పనిచేసిన వీరికి యంత్రరచనలో సహజమైన నేర్పు కలదు. స్వదేశీ ఉద్యమము చెలరేగిన 1905 ప్రాంతమున, మాణిక్‌తలా మెయిన్ రోడ్డుపై నిర్మించిన క్రొత్త కర్మాగారమునకు గంధకికామ్లపు యంత్రసముదాయమును రూపొందించినది వీరే. ఇంగ్లండునుండి ఇంజనీరును రప్పింపలేదు.

ఆ విధానమునకు సీసపు గదుల పద్ధతి యని పేరు. గంధకమును కొలిమిలో మండించి, పుట్టిన వాయువును సురేకారమునుండి వచ్చు నత్రజని ఆక్సైడులతో కలిపి, గ్లోవరు గోపురము గుండ సీసపు రేకులతో కట్టిన పెద్ద గదులలోనికి పంపుదురు. అచ్చట ఆవిరి సోకగనే ఆమ్లము తుంపరలై గోడలవెంట జాఱును. ఆమ్లము తాకగా సీసముపై ఒక పొర యేర్పడి, అదియే సీసమునకు కవచమగును, అందుచేతనే సీసము. రేకులను తగరముతో అతికినచో అతుకును ఆమ్లము తినివైచును. కనుక హైడ్రోజను మంటతో సీసమునకు సీసమునే కరగించి అతుకవలెను. ఇది నేర్పరియైన పనివాని చేతిపని. పుస్తకము చదివి వచ్చునది కాదు. గదులలో దిగు ఆమ్లము నూటికి 65 పాళ్ళ బలము కలది. దానిని గ్లోవరు గోపురము పైనుండి విడిచినచో కొలిమి వేడికి నీరు ఆవిరియై బలము 78 పాళ్ళవరకు పెరుగును; వేఱుగా బొగ్గు కాల్చనక్కఱలేదు. మిగిలిన నత్రజని ఆక్సైడులను గే-లుస్సాక్ గోపురమున పట్టి మరల వాడుకొనవచ్చును. వేడినిగాని వాయువునుగాని వృథా పోనీయని ఈ పొదుపే చిన్న బట్టీలవారికి లేనిది. జమాఖర్చుల పట్టీలో లాభమునకును నష్టమునకును భేదము చూపినది ఆ రెండు గోపురములే యనవచ్చును.

1903లో రాజశేఖర బసు గారు సంస్థలో చేరిరి. పరశురామ్ అను పేరుతో హాస్యకథలు వ్రాసి వంగదేశమును నవ్వించిన రచయితయు, చలంతికా అను వంగ నిఘంటువును కూర్చిన పండితుడును ఈయనయే. పగలు ఆమ్లముల ఖాతా, రాత్రి హాస్యకథ! 1932 వరకు వారు సంస్థను నడిపిరి. సతీశచంద్ర దాసుగుప్త గారు కర్మాగార పర్యవేక్షకులై, నిప్పునార్పు పరికరమును రూపొందించిరి. కర్మాగారముతో బాటు యంత్రశాల కూడ పెరిగెను. తమకు కావలసిన పరికరములను తామే చేసికొనుటయే గాక, కళాశాలల ప్రయోగశాలలకు కావలసిన సామగ్రిని కూడ సమకూర్చి పంపసాగిరి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చి విదేశపు ఓడలు తగ్గినప్పుడు ఆమ్లములకు, థయోసల్ఫేటు వంటి రసాయనములకు ప్రభుత్వమే మాణిక్‌తలా తలుపు తట్టవలసివచ్చెను. పిదప పానిహాటిలో రెండవ కర్మాగారము వెలసెను.

రాయ్ గారి పరిశోధన జీవితమును ఇచ్చట విస్తరించి వ్రాయ బనిలేదు. 1896లో ప్రకటించిన మెర్క్యురస్ నైట్రైటు వలన వారికి ప్రపంచఖ్యాతి వచ్చెను. ఫ్రాన్సు దేశపు మహారసాయనజ్ఞుడు బెర్తెలో ప్రోత్సాహముతో హిందూ రసాయన శాస్త్ర చరిత్ర మొదటి సంపుటమును 1902లో ప్రకటించిరి. అందు వారు ఎంతో శ్రద్ధతో పేర్కొనిన రసవాదులలో నాగార్జునుడు ఒకడు. కృష్ణాతీరపు బౌద్ధాచార్యుడును, ఈ రసవాదియు ఒక్కరు కారని పండితులు పలువురు తలంతురు గాని, ఆ పేరు వినినంతనే ఆంధ్రుల మనసు శ్రీపర్వతమువైపు పోవుట సహజము. రసాయన పరిశోధనకు బహుమతి నీయుటకై 1922లో రాయ్ గారు కలకత్తా విశ్వవిద్యాలయమునకు 10,000 రూపాయలిచ్చి, దానికి నాగార్జునుని పేరే పెట్టిరి.

1916లో ప్రభుత్వోద్యోగము ముగించుకొని, ఆశుతోష్ ముఖర్జీ గారి ఆహ్వానముపై సైన్సు కళాశాలలో పాలిత్ ఆచార్యులైరి. ఆ కళాశాలలోని ఒక గదియే వారి నివాసము. అవివాహితులు, శిష్యులే బిడ్డలు. 1921లో అరువదేండ్లు నిండిన నాటినుండి 1936లో విరమించు వరకు తమ జీతమునంతటిని రసాయన శాఖాభివృద్ధికే విడిచిరి. 1921లోనే కలకత్తాలోని జాతీయ విద్యామండలివారు కెమికల్ ఇంజనీరింగు విద్యను ఆరంభించిరి. ఆ సంస్థయే పిదప జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమైనది. భాదురి గారు చేతులు కాల్చుకొని నేర్చినదానిని అప్పటినుండి కుఱ్ఱవారు తరగతి గదిలో నేర్వగలిగిరి.

రాయ్ గారి జీవితమున ఒక వైరుధ్యము కలదు. యంత్రములతో కర్మాగారమును నిలిపినవారే రాట్నము చేతబట్టిరి. 1921లో ఖుల్నా ప్రాంతమున క్షామము వచ్చినప్పుడు, 1922లో ఉత్తర వంగమును వఱదలు ముంచినప్పుడు వారు ఊరూర తిరిగి సహాయ కార్యక్రమమును నడిపిరి. పొలము పనిలేని నెలలలో రైతు చేతులు ముడుచుకొని కూర్చుండుటను కన్నులార చూచిరి. ఎన్ని కర్మాగారములు కట్టినను ఆ చేతులన్నిటికిని పని చూపజాలవు. ఆ లెక్క తెలిసినమీదటనే వారు ఖద్దరును పట్టిరి గాని, యంత్రముమీద కోపముచేత కాదు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనమును ప్రారంభించుటకు ఆంధ్రదేశమునకు వచ్చినదియు ఆ దీక్షతోనే. విమర్శకులు దీనిని చపలత్వమనిరి. బీదవానికి పని యెట్లు దొరకునన్న ఒకే ప్రశ్నకు రెండు చోట్ల రెండు సమాధానములని తోచుచున్నది. ఉద్యోగములకై ప్రాకులాడకుడని యువకులను జీవితాంతము మందలించిన వీరు తాము మాత్రము 27 సంవత్సరములు సర్కారు కొలువు చేసిరని ఎత్తిపొడిచినవారికి మాత్రము సమాధానము చెప్పుట కష్టము. ఆ జీతము లేకున్నచో ఆ 700 రూపాయలును లేవు.

ఉత్తర వంగ వఱదలలో ఆచార్యుని వెంట పనిచేసిన శిష్యుడు మేఘనాథ సాహా. నక్షత్రముల భౌతికశాస్త్రమున ప్రపంచప్రసిద్ధుడైన ఆయన, ఆ అనుభవముతో నదులను గూర్చి ఆలోచింపసాగెను. 1943లో దామోదర నది పొంగినప్పుడు విచారణ సంఘమున సభ్యుడై, వఱదను అరికట్టి విద్యుత్తు తీయు పథకమునకు దారి చూపెను. 1948లో దామోదర లోయ కార్పొరేషను ఏర్పడెను. మఱియొక శిష్యుడు జ్ఞానచంద్ర ఘోషు ఖరగపూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి తొలి డైరెక్టరయ్యెను.

రాయ్ గారు 1944 జూన్ 16వ తేదీన, సైన్సు కళాశాలలోని తమ గదిలోనే కన్నుమూసిరి. అప్పర్ సర్క్యులర్ రోడ్డునకు వారి పేరే పెట్టిరి. శతజయంతి దినమైన 1961 ఆగస్టు 2న తపాలాశాఖవారు వారి బిళ్ళను విడుదల చేసిరి. వారు పెట్టిన కంపెనీకి మాత్రము గడ్డుకాలము వచ్చెను. నష్టములలో కూరుకొనిపోగా 1977లో కేంద్రప్రభుత్వము దాని యాజమాన్యమును చేపట్టి, 1980లో జాతీయము చేసెను. 1981లో బెంగాల్ కెమికల్స్ అండ్ ఫార్మస్యూటికల్స్ లిమిటెడ్ అను ప్రభుత్వ సంస్థగా అది క్రొత్త పేరు తాల్చెను. ఒకప్పుడు రాష్ట్ర సర్వీసుకు మించి తనను ఎక్కనీయని సర్కారు కొలువులోనికి ఆచార్యుని కర్మాగారమే చేరినది! 2020 ఫిబ్రవరిలో తూర్పు పడమర మెట్రో రైలు నడక ఆరంభించినప్పుడు, మాణిక్‌తలా కర్మాగారము చేరువనున్న స్టేషనుకు బెంగాల్ కెమికల్ అని పేరుంచిరి.